మడత పెట్టిన టేపు కొస

తమ్ముడి గొంతులోంచి ఈల లాంటి చప్పుడు వస్తోంది. అది వస్తున్నంతసేపూ ఫరవాలేదు, వస్తూనే ఉండాలి, అని లోపల్లోపలే చెప్పుకుంటూ ఆమె వాడి తలని రెండు మోకాళ్ల మధ్య కదలకుండా పట్టుకుని కూర్చుంది. మోకాళ్ల కింద తడి. మొదట బురద అనుకుంది. బురదకి ఇంత కంపు ఉండదు. వెనకనున్న అపార్ట్‌మెంట్ల మురుగు ఈ కాలిబాట మీదుగా పాక్కుంటూ చెరువులోకి దిగుతుందని ఆమెకి ముందే తెలుసు, ఎందుకంటే ఆ సంగతి సైకిలు క్లబ్బు మ్యాపులో రాయకుండా వదిలేసింది తనే. ‘నీటి అంచున చల్లటి దారి, సైకిలుకీ నడకకీ అనుకూలం’ అని రాసింది. ఛీ. నీళ్లట, చల్లదనమట. ఆ నీళ్ల మీద పచ్చటి చర్మంలా ఏదో కట్టుకుపోయింది, మధ్యలో బుడగలు లేచి పగులుతున్నాయి, ఎవరో లోపల మునిగి ఇంకా ఊపిరి వదులుతున్నట్టు. ఊపిరి. ఈల ఉంది. ఉంది. వాడి మెడ చుట్టూ పార్కు తోటమాలి తువ్వాలు చుట్టి ఉంది, ఆ తువ్వాల్లో చెమట, ఎరువు, బీడీ వాసన, అయినా అదొక్కటే ఇక్కడ శుభ్రమైన వస్తువులా కనిపిస్తోంది. అంబులెన్స్ రెండో గేటు దగ్గర ఆగిపోయిందట. మోటారు బళ్లు రాకుండా అక్కడ ఇనప స్తంభాలు పాతారు. మోటారు బళ్లవాళ్లు పక్క కంచె విరగ్గొట్టుకుని దర్జాగా వస్తూనే ఉన్నారు, ఆ స్తంభాలకి ఆగింది ఇవాళ అంబులెన్స్ ఒక్కటే. స్ట్రెచర్ మోసుకుంటూ కాలినడకన వస్తున్నారట, కిలోమీటరున్నర.

“ఎవరూ ముట్టుకోకండి, వేలిముద్రలుంటాయి!” అని క్లబ్బు ప్రెసిడెంటు అరుస్తున్నాడు, అరుస్తూనే ఫోను నిలువుగా పట్టుకుని వీడియో తీస్తున్నాడు, ఒకసారి తీగని, ఒకసారి చెట్టుని, ఒకసారి తన ముఖాన్ని. పొట్టని బిగించి పట్టిన పసుపుపచ్చ జెర్సీ, చంకల దగ్గర ఉప్పు చారలు, నోట్లోంచి పుదీనా బిళ్ల వాసన. ఆ నోరు ఆమెకి తెలుసు. ఆమె పని పళ్ల సెట్లు చెయ్యడం, డాక్టర్లు పంపే అచ్చుల్లో ప్లాస్టర్ పోసి ఊళ్లోవాళ్ల నోళ్లన్నీ బల్ల మీద వరసగా పెట్టుకుని కూర్చుంటుంది. ప్రెసిడెంటు కింది దవడ ఎడమవైపు రెండు పళ్లు ఆమె చేసినవే. నోరు చూసి ఎప్పుడూ అసహ్యం వెయ్యలేదు ఆమెకి, నోరు తన పని తాను చేసుకుంటుంది పాపం. ఇదిగో ఇలా తెరుచుకుని “మిత్రులారా, ఇది మన సైక్లిస్టులందరి మీదా జరిగిన దాడి” అన్నప్పుడే వేస్తుంది. తమ్ముడి కనురెప్పలు కదిలాయి. “ఏంట్రా? మాట్లాడకు. ఊపిరి పీల్చుకో చాలు.” ఇరవై నిమిషాల కింద వాడే వెనక్కి తిరిగి, “ఏంటక్కా, సైకిలుకి నొప్పి పుడుతుందన్నట్టు తొక్కుతున్నావ్!” అని నవ్వి దిగువకి వదిలేశాడు. ఆమెకి కనిపించింది ఏమిటంటే, సైకిలు ముందుకే పోయింది. వాడు లేకుండా. బెల్లు దానంతటదే ఒకసారి మోగి, పొదలోకి దూరి, చక్రం తిరుగుతూనే ఉంది.

తీగ. కుడివైపు చెట్టుకీ ఎడమవైపు పాత ఇనప స్తంభానికీ కట్టిన సన్నటి తీగ, బండి మీద కూర్చున్న మనిషి గుండెకెదురుగా బిగించి కట్టింది. తమ్ముడు పొడుగు సైకిలు మీద ముందుకి వంగి ఉన్నాడు, అందుకని మెడకి తగిలింది. చెట్టు దగ్గర తెగిపోయింది. స్తంభంవైపు ముక్క నేలమీద పాములా చుట్టుకుని, దాని కట్టు సరిగ్గా ఆమె కుడి చేతి పక్కన ఉంది, తెగిన ఊపుకి కిందికి జారి, స్తంభాన్ని చుట్టి తిరిగొచ్చి తనమీద తానే మూడు మెలికలు వేసుకుని. మెలికలయ్యాక కొసని వెనక్కి వంచి, దాని మీద నల్ల టేపు చుట్టారు. తీగ మొన ఎవరి చేతికీ గుచ్చుకోకూడదని. పీక తెగ్గోసే తీగ కట్టి, వేలికి గుచ్చుకోకుండా టేపు. ఎంత జాగ్రత్త, ఎంత దయ! నవ్వొచ్చింది ఆమెకి, నవ్వు వాంతిలా వచ్చింది, మింగేసింది. మింగుతూ మళ్లీ చూసింది. టేపు చివర, ఆఖరి చుట్టు దగ్గర, అరగోరు మేర లోపలికి మడత పెట్టి ఉంది. చూడగానే చెయ్యి దానంతటదే వెళ్లి ఆ కట్టుని కప్పేసింది. అరచేతి కింద చల్లగా ఉంది తీగ.

పళ్ల పనిలో ఒక సంగతి ఉంది, సెట్టు కింద ఎవరూ పేరు రాయరు కానీ, ఎవరు చేశారో చేసినవాళ్లకి తెలుస్తుంది. చిగుళ్లు గీసే తీరులో, అంచు నున్న చేసే తీరులో. చెయ్యి దాచుకోవడం ఎవరి తరమూ కాదు. మడత పెట్టిన టేపు కొస అంటే మందు సీసా మూత, రేడియో వెనక అట్ట, ఆమె పదో తరగతి హాల్‌టికెట్ పెట్టిన కవరు, పెళ్లికి కట్టిచ్చిన మిక్సీ డబ్బా. అంటే ట్రాన్స్‌ఫార్మర్ నూనె వాసనతో సాయంత్రం ఇంటికొచ్చి, బూట్లు విప్పకుండానే, పిల్లలు విరగ్గొట్టినవన్నీ ముందేసుకుని కూర్చునే మనిషి. “కొస మడవాలమ్మా. మడవకపోతే అంటుకుపోద్ది. రేపు విప్పేవాడు గోళ్లు ఊడగొట్టుకుంటాడు. మనం స్తంభం దిగిపోతాం, మన తర్వాత ఇంకోడు ఎక్కుతాడు కదా, వాడి గోరుకి దొరకాలి.” ముప్పై రెండేళ్లు లైన్‌మన్. తన తర్వాత ఎక్కేవాడి గోరు గురించి ముప్పై రెండేళ్లు ఆలోచించిన మనిషి. కాదు. ఎవరైనా మడుస్తారు. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లు ఎంతమంది లేరు? తోటమాలి కూడా మడవొచ్చు. ఎవడైనా మడవొచ్చు. చెయ్యి మాత్రం కట్టు మీంచి లేవడం లేదు. బొటనవేలి గోరు ఆ మడత కిందికి దూరింది. నిజమే నాన్నా, దొరుకుతోంది గోరుకి. ఒక్క లాగు లాగితే టేపు వచ్చేస్తుంది, మూడు చుట్లు, రెండు క్షణాలు, ఈ బురదలోకి నొక్కేస్తే మిగిలేది ఒట్టి తీగ. ఒట్టి తీగ ఎవరిదైనా అవుతుంది.

ఈ దారి ఆయనదే ఒక లెక్కన. పైన హైటెన్షన్ తీగలు గుయ్‌మంటున్నాయి చూడు, వాటి కిందే ఈ దారి. స్తంభాలు చూసుకుంటూ ఆయన నడిచీ నడిచీ పడిన దారి. ఆమెకీ తమ్ముడికీ కలిపి ఉన్న ఒక్క సైకిలు మీద ఇక్కడే తొక్కడం నేర్పించాడు, వెనక సీటు పట్టుకుని పరిగెత్తుతూ. “వదలకు నాన్నా, వదలకు” అని ఆమె అరుస్తుంటే, “పట్టుకునే ఉన్నా తొక్కు” అని ఎక్కడో వెనక నుంచి వినిపించేది. ఎక్కడో వెనక. ఎప్పుడో వదిలేసేవాడు. అప్పుడు చెరువు చెరువులాగే ఉండేది. ఇళ్లు పెరిగి, పార్కని ఒక బోర్డు పెట్టి, నడిచేవాళ్ల కోసం ఎర్ర ఇటుకలు పరిచి, ఆ ఇటుకల్ని ఎవరో పీక్కుపోయి, మిగిలిన ఇసకలో కుక్కలు. రెండేళ్లుగా ప్రతి ఆదివారం ఆమె, తమ్ముడు ఇలాంటి దారులే వెతుకుతున్నారు, వాటర్ ట్యాంకు వెనక మెట్లదారి, రైలుపట్టాల కంచె పక్కన తుప్పల్లోంచి పోయే సన్నటి బాట, క్వారీ గుంట చుట్టూ రాళ్లబాట. సైకిలు పోయేచోట సైకిలు మీద, పోనిచోట సైకిలు భుజానేసుకుని కాలినడకన. ఎంత బాగుండేది మొదట్లో! ఊరు తన వీపు చూపించినట్టుండేది, ఎవరూ చూడని వీపు. తర్వాత మ్యాపులు గీయడం మొదలుపెట్టింది, క్లబ్బు వచ్చింది, జెర్సీలొచ్చాయి, కొత్త దారి కనిపెట్టినందుకు చప్పట్లొచ్చాయి. వీపు మీద పుళ్లున్నా మ్యాపులో రాయకూడదని ఎవరూ చెప్పలేదు, తనకే అర్థమైంది.

నాన్న చెప్పాడు. నెల కింద, తన వాకింగ్ నేస్తం లెక్కల మాస్టారిని ఇదే వంపులో మోటారు సైకిలు గుద్దేసి ఆగకుండా పోయాక. మాస్టారి తుంటి విరిగింది, ఇప్పటికీ మంచం దిగలేదు, పక్కమీదే అన్నీ. నాన్న ఆఫీసుల చుట్టూ తిరిగాడు, కాగితాలిచ్చాడు, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వాళ్లు స్తంభాలు పాతారు, బళ్లవాళ్లు కంచె విరిచారు. కంచె విరిచిన సాయంత్రం వచ్చి, “ఆ దారి నీ మ్యాపులోంచి తీసెయ్యమ్మా. బళ్లు చాలక మీ సైకిళ్లు కూడానా? మాలాంటి ముసలాళ్లు ఎక్కడ నడవాలి, నెత్తిమీదా?” అన్నాడు. “దారి ఎవడబ్బ సొత్తూ కాదు నాన్నా” అంది ఆమె, మైనం గీస్తున్న కత్తి దించకుండానే. ఆయన కాసేపు ఆ ప్లాస్టర్ నోళ్లకేసి చూసి, “ఇన్ని నోళ్లున్నాయి, ఒక్కటీ మాట్లాడదు” అని లేచి వెళ్లిపోయాడు. జోకనుకుంది. తమ్ముడికి చెప్పి నవ్వింది కూడా.

తమ్ముడి చెయ్యి ఆమె చీలమండని పట్టుకుంది, చిన్నప్పుడు చీకటంటే భయమేసి పట్టుకున్నట్టు. ఈల సన్నబడిందా? లేదు. ఈగలొచ్చాయి. తువ్వాలు మీద తడికి వచ్చాయి, తోలితే లేచి ఆమె పెదాల మీద వాలి మళ్లీ అక్కడికే పోతున్నాయి. ఎక్కడి నుంచి వచ్చాయో తెలుసు. వంపు పక్కన చచ్చిన కుక్క ఉంది. నిన్న సాయంత్రం చూసింది. క్లబ్బులో ఒక నియమం ఉంది, దాన్ని పెట్టింది ఆమే, చాలా గొప్పగా పెట్టింది: ఏ దారి ఎవరు చెప్పినా, వాళ్లు అందరూ బయల్దేరే ముందురోజు సాయంత్రం దాన్ని ఆ చివర నుంచి ఈ చివర దాకా కాళ్లతో నడవాలి, దారిలో ఉన్న చెత్తంతా ఏరాలి, ఆ తర్వాతే మ్యాపు మీద టిక్కు. నిన్న నడిచింది. చేతికి రబ్బరు తొడుగు, పొడుగు పట్టకారు, సంచి. మూడు సారా సీసాలు, పసిపిల్ల డైపరు, ఒంటి చెప్పు, కొమ్మకి వేలాడుతున్న ఎర్ర గుడ్డపేలిక, ఎవడో నమిలి ఉమ్మిన గుట్కా పొట్లాలు పదో పన్నెండో. ఒక్కోటీ సంచిలో పడుతుంటే మనుషుల మీద ఎంత రోతపుట్టిందో, ఆ రోతలో తన మీద తనకి అంత గౌరవం పెరిగింది. తర్వాత గాలి తిరిగింది. కుక్క ఉబ్బిపోయి, కాళ్లు బిగుసుకుని, నోరు తెరుచుకుని. అన్ని నోళ్లు చూసిన మనిషి కూడా ముక్కు మూసుకుని వెనక్కి తిరిగేసింది. మిగిలింది కాస్తే కదా, వంపు దాటితే దిగువే కదా. గేటు దగ్గర చెత్తడబ్బా పొంగి పొర్లుతోంది, సంచి సైకిలు వెనకే వేలాడదీసుకుని ఇంటికెళ్లింది. ఇంటికెళ్లి చేతులు మూడుసార్లు కడుక్కుని, ఫోనులో దారి మొత్తానికీ టిక్కు పెట్టింది. మొత్తానికీ.

“దొరికాడు!” ప్రెసిడెంటు గొంతు. కానిస్టేబుల్ తోటమాలిని రెక్క పట్టుకుని లాక్కొస్తున్నాడు, రెండో చేతిలో తీగ చుట్ట. తోటమాలి షెడ్డులో దొరికిందట, ఇదే తీగ. ఎవరి షెడ్డులో ఉండదు ఆ తీగ? తోటమాలి ఒంటి మీద చొక్కా తప్ప పై తువ్వాలు లేదు, అది తమ్ముడి మెడకి ఉంది. అరుపు విని అందరికన్నా ముందు పరిగెత్తుకొచ్చింది ఆయనే, చెప్పులు కూడా లేకుండా.

“మొన్న బుధవారం అందరి ముందూ అన్నావా లేదా? మీ సైకిళ్లకి అడ్డం కడతానని?” ప్రెసిడెంటు వేలు చూపిస్తున్నాడు, మరో చేతిలో ఫోను వీడియో తీస్తూనే ఉంది.

“పూలమొక్కలు తొక్కేస్తుంటే అన్నానయ్యా. నోటికొచ్చినట్టు అన్నా. అన్నవన్నీ చేసేవాడినైతే నా పెళ్లాన్ని ఎన్నిసార్లు వదిలేసుండాలి?” అన్నాడు తోటమాలి. ఎవరో కిసుక్కున నవ్వారు. కానిస్టేబుల్ ఆ మెడ మీద ఒక్కటి వేశాడు, చాలా మామూలుగా, దుమ్ము దులిపినట్టు. తోటమాలి ఆమెకేసి తిరిగాడు. “అమ్మా, మీరైనా చెప్పండమ్మా. మీ తమ్ముడి తలకింద చెయ్యిపెట్టి ఎత్తింది నేను కదమ్మా.”

ఆమె నోరు తెరిచింది. గోరు కింద టేపు మడత మెత్తగా ఉంది. నోరు మూసుకుంది.

అప్పుడొచ్చాడు నాన్న. తెల్ల కాన్వాసు బూట్లు, చేతికర్ర, రోజూ ఇదే టైముకి వచ్చినట్టే. కాదు, రోజూ కంటే పది నిమిషాలు ముందు. చూడ్డానికొచ్చాడా? ఎవడు పడ్డాడో చూడ్డానికి? గుంపు పక్కకి జరిగింది, ఆయన మొదట తీగ చూశాడు, అదీ ఆమె కళ్లారా చూసింది, మొదట తీగ, ఆ తర్వాత పడ్డ మనిషి. ముఖంలో ఏదో ఊడిపోయింది, పై సెట్టు తీసేసినప్పుడు ముఖం లోపలికి కుంగిపోతుందే, అలా. కర్ర కిందపడింది. “నాయనా” అన్నాడు, చొక్కా పట్టుకోబోయి పట్టుకోలేక, తువ్వాలు ముట్టుకుని, వేళ్లకి రక్తం అంటితే జేబురుమాలు తీసి తుడుచుకున్నాడు. ఒక్కో వేలూ విడివిడిగా. పని అయ్యాక ఎప్పుడూ అలాగే తుడుచుకుంటాడు.

“పెద్దాయనా, మీరు రోజూ ఇటే నడుస్తారుగా” అన్నాడు కానిస్టేబుల్. “ఈ తోటమాలిని నిన్న ఇక్కడ చూశారా?”

చెరువులో ఒక బుడగ లేచి పగిలింది. నాన్న తోటమాలికేసి చూశాడు, కొడుకుకేసి చూశాడు, ఎవరికేసీ కాకుండా చూశాడు.

“ఇటువైపు తిరుగుతూనే ఉంటాడు” అన్నాడు.

అంతే. అబద్ధం కాదు. ఒక్క అక్షరం అబద్ధం కాదు. మురుగు కంపు, కుక్క కంపు, పుదీనా కంపు, అన్నిట్నీ మించి ఆ మాట కొట్టింది ఆమె ముక్కుకి. ఈ మనిషేనా తర్వాతవాడి గోరు గురించి ఆలోచించింది? తర్వాతవాడు ఇడుగో, చెప్పుల్లేకుండా నిలబడ్డాడు, మెడ మీద దెబ్బ తిని. పద పద అని కానిస్టేబుల్ వాడిని తోస్తున్నాడు. నాన్న ఆమె పక్కన కూలబడ్డాడు, భుజం మీద చెయ్యి వేశాడు, చెవి దగ్గరకొచ్చి, ఊపిరి వేడిగా, గుసగుసగా:

“గుడ్డ కట్టానే. ఒట్టు. పని జరిగేచోట పది అంగల ముందు ఎర్రగుడ్డ కట్టకుండా నా జన్మలో ఎప్పుడైనా ఉన్నానా? రెండువైపులా కట్టాను. గుడ్డ చూసి బళ్లు ఆగి వెనక్కి పోతాయనుకున్నా. ఇటువైపుది లేదు. ఎవడో వెధవ పీకేశాడు.”

పైన తీగలు గుయ్‌మంటున్నాయి. ఎర్రగుడ్డ. కొమ్మకి వేలాడుతున్నది. వేలాడలేదు, కట్టి ఉంది, పట్టకారుతో లాగితే రాలేదు, గట్టిగా గుంజి చింపింది, “దరిద్రులు” అని తిట్టుకుంటూ. ఆ తర్వాత పది అంగలు. పదే. కుక్క అడ్డొచ్చింది, ముక్కు మూసుకుంది, తిరిగేసింది. ఆ పది అంగలూ వేసి ఉంటే తీగ గుండెకి తగిలేది మెల్లగా, నడిచే మనిషికి తగిలినట్టు, ఎవడ్రా ఇది కట్టింది అని తిట్టి విప్పేసేది, గోరుకి టేపు కొస దొరికేది. అందుకే కదా మడిచాడు. టిక్కు. చేతులు మూడుసార్లు కడుక్కుని పెట్టిన టిక్కు. ఇందాకటి నుంచి ఎవరి మీద పడుతూ ఉందో ఈ రోత, ప్రెసిడెంటు జెర్సీ మీద, చెరువు మీద, నాన్న రుమాలు మీద, తిరిగి తిరిగి ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడింది.

“జరగండి, జరగండి!” స్ట్రెచర్ వచ్చింది. చెమటలు కక్కుతున్న ఇద్దరు, మెడకి గట్టి పట్టీ వేశారు, ముక్కుకి గొట్టం పెట్టారు, “గట్టివాడే, గాలి ఆడుతోంది” అన్నాడు ఒకడు, తమ్ముడిని ఎత్తారు. ఆమె ఒళ్లో బరువు ఒక్కసారిగా లేకుండా పోయింది. చీలమండ మీద చెయ్యి విడిపోయింది. ఈల వినిపిస్తూనే ఉంది, కొంచెం పైనుంచి.

“మీరూ వాళ్లతో వెళ్లండమ్మా” అన్నాడు కానిస్టేబుల్. “వీడి సంగతి మేం చూసుకుంటాం.”

ఎంత తేలిక! లేచి నడిచి వెళ్లిపోవడమే. ఎవరూ ఏమీ అనరు. ఆమె లేచింది. కట్టు మీంచి చెయ్యి తీసింది, టేపు తియ్యలేదు, అలాగే వదిలేసింది. తన సైకిలు దగ్గరకెళ్లి వెనక నిన్నటి నుంచీ వేలాడుతున్న సంచి విప్పి దారి మీద గుమ్మరించింది. సీసాలు దొర్లాయి, డైపరు పడింది, ప్రెసిడెంటు “ఛీ ఛీ, ఏంటండీ ఇది” అంటూ రెండడుగులు వెనక్కేశాడు. తొడుగు లేకుండా, పట్టకారు లేకుండా, ఒట్టి చేతుల్తో ఆ చెత్తంతా కెలికింది. దొరికింది. ఎర్రగుడ్డ, దాని మీద తెల్ల చుక్కలు. నిన్న పట్టకారు కొసన చూసినప్పుడు చుక్కలు కనబడలేదు. అమ్మ వంటింటి కిటికీకి కుట్టిన పరదా, దాని వెనక దాక్కునేవాళ్లు తనూ తమ్ముడూ. నాన్న ఆ గుడ్డని చూశాడు, తర్వాత ఆమె ముఖం చూశాడు, చెయ్యి కొంచెం పైకెత్తి, వద్దు అన్నట్టు, గాల్లోనే ఆపేశాడు.

“ఆయన్ని వదిలెయ్యండి” అంది ఆమె.

“ఎవర్ని?”

“తోటమాలిని. ఆయన కాదు.”

“మరి ఎవరమ్మా?” అన్నాడు కానిస్టేబుల్, విసుగ్గా, వాచీ చూసుకుంటూ.

గుడ్డ తడిగా ఉంది, కంపు కొడుతోంది. ఆమె దాన్ని వదలకుండా పిడికిట్లో పట్టుకుంది.

“తీగ కట్టింది మా నాన్న. ఈ గుడ్డ పీకేసింది నేను.”